సార్నియాలో కుట్టిన పడవ

బాలత్రిపురసుందరి గారిని నేను మొదట చూసింది బస్టాపులో. ఆమె బస్సెక్కడానికి రాలేదు. నేను ఎదురుచూస్తున్న బస్సు ఆదివారాలు ఆ దారిలో నడవదని చెప్పడానికి వ్యాన్ ఆపారు.

అది రెండువేల ఇరవైరెండు జనవరి. నేను అనంతపురం నుంచి చదువు కోసం కెనడాలోని సార్నియా వచ్చి వారమైంది. ఊరి చివర పెట్రోకెమికల్ ప్లాంట్ల గొట్టాల మీద పగలూ రాత్రీ మంట వెలుగుతూ ఉండేది. కాళ్ళ కింద మంచు గట్టిపడి గాజుపలకలా జారేది. ఆ ఏడాది మా కాలేజీలో ఏ క్లాసులోకి తొంగిచూసినా తెలుగే వినబడేది. కరీంనగర్, నెల్లూరు, కర్నూలు, శ్రీకాకుళం అని లేకుండా విమానాల నిండా వచ్చి దిగాం. మేమింతమంది వస్తున్నామని ఆ ఊరికి మాత్రం ఎవరూ కబురు పెట్టినట్టు లేదు. గదులు తక్కువ, బస్సులు తక్కువ, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు ఇంకా తక్కువ.

వ్యాన్ అద్దం దిగింది. ఉన్నిటోపీ, దాని కింద రూపాయంత బొట్టు, స్వెటర్ మీద ఇంకో స్వెటర్.

"తెలుగమ్మాయివేనా?"

"అవునండీ."

"మరి ఇక్కడ నిలబడి ఏటి చేస్తున్నావమ్మా? ఆదివారం ఈ బస్సు లేదు. ఎక్కు, బిగుసుకుపోతావు."

ఎక్కాను. ఆ నెలాఖరుకి ఆమె ఇంటి పైగదిలోకి మారిపోయాను కూడా. కింద బేస్‌మెంట్లో అప్పటికే లోహిత్ ఉన్నాడు. కరీంనగర్ వాడు. పొద్దున క్లాసులు, సాయంత్రం కాఫీ షాపులో డ్రైవ్-త్రూ కిటికీ దగ్గర పని. మా ఇద్దరికీ ఆమె సుందరి ఆంటీ. అప్పటికి డెబ్భై దాటాయి. పిల్లలు లేరు. భర్త కోదండరామ్ గారు ఆ ప్లాంట్లలోనే ఇంజనీరుగా చేసి రిటైరై, కోవిడ్‌కి ముందు ఏడాది పోయారు. ఆయన పోయాక ఇల్లు మరీ మూగగా ఉందని విద్యార్థులకు గదులివ్వడం మొదలుపెట్టారు. అద్దె కంటే కబుర్లే ఎక్కువ వసూలు చేసేవారు.

ఆ ఇంట్లో మొదటి ఉదయం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కాఫీకి ముందే పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఆంటీ గరిటె తిప్పుతూ అడిగారు.

"చోడి అంబలి తాగుతావా?"

నాకు అర్థం కాలేదు. బల్ల దగ్గర కూర్చున్న లోహిత్ అందుకున్నాడు. "తైద అంబలి. మస్తుంటది, తాగు."

గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే వాసన ముందు తెలిసింది. "ఇది రాగి జావ కదా!" అన్నాను. మా అవ్వ వంటిల్లంతా ఒక్కసారి ముక్కులోకి వచ్చింది.

ఆంటీ నవ్వారు. "మా భీమిలిలో చోళ్ళు, నీకు రాగులు, వీడికి తైదలు. దీనికి ఇంకో పేరుంది. ఉలేజి."

"అది ఏ ఊరి పేరు ఆంటీ?"

"దాని పుట్టింటి పేరు. రాగులు మనవి కావమ్మా. ఆఫ్రికావి."

నేను నమ్మలేదు. రాయలసీమ పిల్లతో రాగులు మనవి కావనడం చిన్న మాటా? ఆ నమ్మకపోవడం నుంచే ఆమె కథ అంతా బయటికొచ్చింది. ఒక్క రోజులో కాదు. ఆ చలికాలమంతా, వ్యాన్‌లో నన్ను పనికి దింపుతూ, చపాతీలు ఒత్తుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పారు.

భీమునిపట్నంలో ఆమె తండ్రి డ్రాయింగ్ మాస్టారు. వాళ్ళ డాబా ఎక్కితే సముద్రం కనబడేది. విశాఖలో జాగ్రఫీ ఎం.ఏ. చేసిన మరుసటి ఏడు పెళ్ళయింది. కోదండరామ్ గారికి టాంజానియాలో ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది. టాంగా అని, హిందూ మహాసముద్రం ఒడ్డునే రేవు ఊరు. అంటే భీమిలి నుంచి చూస్తే సముద్రానికి అవతలి గట్టు. అక్కడి ఆడపిల్లల స్కూల్లో ఆమెకు జాగ్రఫీ టీచర్ ఉద్యోగం దొరికింది.

వెళ్ళిన కొత్తలో ఆమెకు తిండి సహించలేదు, భాష రాదు, సాయంత్రమైతే ఏడుపొచ్చేది. ఒకరోజు బజారులో ఒకావిడ మట్టికుండలోంచి ఏదో ముంచి గిన్నెలో పోసి ఇచ్చింది. తాగితే చోడి అంబలి! అదే చిక్కదనం, అదే పుల్లటి వాసన. ఆ బజారు మధ్యలో గిన్నె పట్టుకుని ఆమె ఏడ్చేశారట. అమ్మే ఆవిడ కంగారుపడి ఇంకాస్త పోసింది.

"ఇండియా నుంచి వీళ్ళకి భలే వచ్చిందే అనుకున్నానమ్మా," అన్నారు ఆంటీ. "స్కూల్లో వ్యవసాయం చెప్పే మేడమ్‌తో అదే మాటన్నాను. ఆవిడ పుస్తకం తీసి చూపించింది. చోళ్ళు పుట్టింది తూర్పు ఆఫ్రికా కొండల్లో. జొన్నలూ ఆ ఖండానివే. సజ్జలూ అంతే. ఆఖరికి చింతచెట్టు కూడా. వేల ఏళ్ళ కిందట అక్కడి నుంచే మన దగ్గరికి వచ్చాయి. నాకు తల తిరిగిపోయింది. చింతపండు తీసేస్తే మన వంటలో ఏటి మిగుల్తాది?"

ఆమెను పట్టుకున్న ప్రశ్న ఆ తర్వాతది. మొక్కకి కాళ్ళుండవు. ఎవరో తెచ్చారు. ఎవరు? కొన్ని పుస్తకాలు అరబ్బు వర్తకులన్నాయి, కొన్ని భారతీయ నావికులన్నాయి, ఒడ్డు వెంట ఊరూరూ చేతులు మారుతూ వచ్చి ఉంటాయన్నవి కొన్ని. ఆఫ్రికావాళ్ళే పడవెక్కి తెచ్చి ఉంటారన్న మాట ఆమె చదివిన వాటిలో ఎక్కడో ఒక మూల తప్ప కనబడలేదు.

"పంట వాళ్ళది. సముద్రం వాళ్ళ గుమ్మం ముందుంది. ఆరు నెలలు ఇటు, ఆరు నెలలు అటు తిరిగే గాలి ఉంది. అందరూ వస్తూ పోతూ ఉంటే వాళ్ళు మాత్రం ఒడ్డున నిలబడి చూశారట! అది నాకు మింగుడు పడలేదు."

స్కూలు పిల్లలను తీసుకుని ఒకసారి పక్క పల్లెకు వెళ్ళినప్పుడు ఆమెకు హమీసి పరిచయమయ్యాడు. పడవలు బాగుచేసే ముసలాయన. ఊరంతా 'బాబు హమీసి' అనేవారు. అక్కడి భాషలో బాబు అంటే తాత. ఆ సంగతి తెలియక ముందు, పండు ముసలాయన్ని పిల్లలంతా బాబూ బాబూ అని పిలుస్తుంటే ఆమెకు నవ్వాగేది కాదట.

హమీసి చెప్పిన మాట ఒకటి ఆమెను అక్కడే కూర్చోబెట్టింది. మా తాతల కాలంలో పడవకు ఒక్క మేకు కూడా ఉండేది కాదు టీచరమ్మా, పలకకు పలక ఆనించి కొబ్బరితాడుతో కుట్టేవారు, చాప తెరచాప కట్టేవారు, దాన్ని మ్‌టేపే అనేవాళ్ళం అన్నాడు. ఆంటీకి చిన్నప్పటి భీమిలి ఒడ్డు గుర్తొచ్చింది. కెరటాల మీద ఎగిరిపడే పడవలు. అవీ కొబ్బరితాడుతో కుట్టినవే. మేకులు కొడితే కెరటం దెబ్బకు పలక చీలిపోతుందని జాలర్లు చెప్పేవారు.

"మా ఊళ్ళోనూ అంతే!" అన్నారామె.

"చూశావా? మావాళ్ళే వచ్చి మీకు నేర్పారు."

"కాదు, మావాళ్ళే వచ్చి మీకు నేర్పారు."

ఈ తగువు వాళ్ళిద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచింది. ఇద్దరి దగ్గరా రుజువు లేదు. హమీసి ఒకరోజు తన ముత్తాత హింద్ దాకా వెళ్ళాడనేవాడు, ఇంకోరోజు చైనా అనేవాడు.

"పోయినసారి హింద్ అన్నావు కదా బాబూ?" అని పట్టుకునేవారు ఆంటీ.

"గాలి మారింది," అనేవాడు అతను, ఏమాత్రం తడుముకోకుండా.

చివరికి మాటలు చాలని ఇద్దరూ ఒక చిన్న మ్‌టేపే కుట్టడం మొదలుపెట్టారు. హమీసి కూడా చిన్నప్పుడు తండ్రి కుడుతుంటే చూసినవాడే తప్ప సొంతంగా కుట్టినవాడు కాదు. కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. శనివారమైతే ఆమె పల్లెకు వెళ్ళిపోయేవారు. కోదండరామ్ గారు గొడుగు పట్టుకుని వెంట వెళ్ళి, 'నా పెళ్ళాం భీమిలికి పారిపోవడానికి పడవ కట్టుకుంటోంది' అని పల్లెవాళ్ళతో మొరపెట్టుకునేవారట. ఆ సంవత్సరాల గురించి చెప్పేటప్పుడు ఆంటీ గొంతు మారిపోయేది. చపాతీ పెనం మీద మాడిపోతున్నా చూసుకునేవారు కాదు.

ఫ్యాక్టరీ కష్టాల్లో పడింది. కెనడా పేపర్లు వచ్చాయి. ఎనభై నాలుగులో వాళ్ళు బయలుదేరేనాటికి పడవ ఒక వైపే పూర్తయింది. హమీసి వీడ్కోలుకు రాలేదు. ఉత్తరాలు ఒకటి రెండు నడిచి ఆగిపోయాయి. ఆ తర్వాత సార్నియాలో ఇల్లు, స్కూళ్ళలో సెలవు పెట్టినవాళ్ళ బదులు పాఠాలు చెప్పే సప్లై టీచరు పని, పారతో మంచు తీయడం, ప్లాంటు షిఫ్టులు. సముద్రం మాట పక్కకు పోయింది.

దాన్ని మళ్ళీ ఇంట్లోకి తెచ్చినవాడు క్వామే.

క్వామే లోహిత్ క్లాస్‌మేట్. ఘానాలోని కుమాసి నుంచి వచ్చాడు. మార్చిలో ఒక ఆదివారం లోహిత్ భోజనానికి పిలుచుకొచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాక మొహమాటం పోయి మాట్లాడటం మొదలుపెట్టాడు. కొలంబస్‌కి చాలా ముందే పశ్చిమ ఆఫ్రికాలోని మాలి రాజు ఒకడు వందల పడవలతో అట్లాంటిక్ మీదికి వెళ్ళాడనీ, ఆఫ్రికావాళ్ళు అమెరికా చేరారనీ, ఆ సంగతి లోకం దాచిపెట్టిందనీ, వీడియోల్లో చూశాననీ చెప్పాడు.

లోహిత్ తెలుగులో నా వైపు తిరిగి, "గిదంతా వాట్సాప్ హిస్టరీ," అని నవ్వాడు.

మాట పూర్తిగా అర్థం కాకపోయినా నవ్వు అర్థమైంది క్వామేకి. అతని ముఖం ముడుచుకుపోయింది. ఆంటీ లోహిత్ కేసి ఒక చూపు చూశారు. సప్లై టీచరుగా ఎన్ని క్లాసులు అణచిన చూపో అది. వాడు పప్పుగిన్నెలోకి తల దించాడు.

"ఆ రాజు కథ ఉత్త కథ కాదు," అన్నారు ఆమె క్వామేతో ఇంగ్లీషులో. "తన ముందటి రాజు సముద్రం మీదికి పడవలు పంపాడని, తర్వాత తానే వెళ్ళి తిరిగి రాలేదని మాలి రాజు కైరోలో చెప్పుకున్నాడు. ఒకాయన దాన్ని రాసిపెట్టాడు. వెళ్ళారన్నది తెలుస్తోంది, అంతవరకే. చేరారా? తెలీదు. ఈ పక్క అమెరికా ఒడ్డున అందరూ ఒప్పుకునే ఆనవాలు ఏదీ దొరకలేదు."

"దొరకలేదంటే చేరలేదనేనా? అందరూ అదే అంటారు, మేడమ్. మా వాళ్ళకి పడవలు రావన్నట్టు."

"నేనలా అనలేదు. చేరగలరా అన్నది ఒక ప్రశ్న. చేరారా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గరా లేదు. మొదటిదాన్ని మాత్రం చేత్తో ముట్టుకుని చూడొచ్చు." చెయ్యి కడుక్కోవడం కూడా మరచిపోయి, హఠాత్తుగా అడిగారు. "నీకు సూదిపని వచ్చా?"

అలా మొదలైంది. కోదండరామ్ గారి గ్యారేజీ ఖాళీగా ఉంది. దేవదారు పలకలు కొన్నారు. కొబ్బరితాడు కోసం ఆంటీ నన్ను వెంటబెట్టుకుని నాలుగువందల ఒకటో నంబరు హైవే మీద మిస్సిసాగా దాకా డ్రైవ్ చేసి, ఒక శ్రీలంక వాళ్ళ కొట్లో ఉన్న చుట్టలన్నీ ఎత్తుకొచ్చారు. ఏప్రిల్ నుంచి మా సాయంత్రాలు ఆ గ్యారేజీలోనే గడిచాయి.

పలకల అంచుల్లో వరసగా బెజ్జాలు వేయాలి. రెండు పలకలు ఆనించి, సందులో కొబ్బరిపీచు కూరి, తాడు బెజ్జంలోంచి లాగి బిగించి, వదులవకుండా చిన్న చెక్క బిరడా దూర్చాలి. క్వామే లాగితే నేను కుట్టేదాన్ని. మా అమ్మ అనంతపురంలో బట్టలు కుడుతుంది. తాడు ఎక్కడ సడలుతుందో నా వేళ్ళకు తెలిసేది. ఆంటీ పీట మీద కూర్చుని, "ఉఁహూఁ, విప్పు," అనేవారు. "హమీసి అయితే నిన్ను సముద్రంలో తోసేవాడు." లోహిత్ ముందు వారమంతా గడప దగ్గర నిలబడి జోకులేశాడు. తర్వాత, "మీరు బెజ్జాలు వంకర వేస్తున్నరు," అని డ్రిల్లు లాక్కున్నాడు. క్వామేకి సారీ చెప్పాడో లేదో నాకు తెలియదు కానీ, తన షిఫ్టు అయ్యాక మిగిలిన డోనట్లు ముందు అతనికే పెట్టేవాడు.

మాలో ఎవరికీ ఈత రాదు. అనంతపురం, కరీంనగర్, కుమాసి. మూడూ సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళే. ఆ సంగతి తలచుకుని ఆంటీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవారు.

ఆ రోజుల్లో మా మాటలన్నీ అసైన్‌మెంట్లు, వర్క్ పర్మిట్, ఇక్కడే స్థిరపడటానికి కావలసిన పి.ఆర్. పాయింట్లు. గ్యారేజీలో అడుగుపెట్టాక అవేవీ గుర్తుండేవి కావు. చేతులకు చేపనూనె వాసన అంటుకునేది. పలకలకు అదే పూయాలని ఆంటీ పట్టు. ఆ వాసనకు పక్కింటివాళ్ళ పిల్లి వచ్చి కూర్చునేది. ఇప్పుడు వాంకూవర్లో పదహారో అంతస్తు ఆఫీసులో కూర్చుని కోడ్ రాస్తుంటాను. అప్పుడప్పుడు ఏ రెస్టారెంటు పక్కనుంచో చేపనూనె వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ వసంతంలో నా దగ్గర ఏమీ లేదు. అయినా అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ లేను.

ఆగస్టులో ఒక పొద్దున పడవను నీళ్ళలోకి దింపాం. ఊరికి ఉత్తరాన హ్యురాన్ సరస్సు, సముద్రంలా అవతలి ఒడ్డు కనబడదు. కెనటారా బీచ్ దగ్గర మోకాలి లోతులో, ఒడ్డు వెంబడే కాస్త దూరం పోయి రావాలని అనుకున్నాం. అందరికీ లైఫ్ జాకెట్లు. ఆంటీ వెనక తెడ్డుతో, ముందు క్వామే, మధ్యలో నేను పెరుగు డబ్బాతో. కుట్టుపడవ నీళ్ళు తాగుతుంది, తోడుతూ ఉండాలని ఆంటీ ముందే చెప్పారు. లోహిత్ ఒడ్డునే ఉంటానన్నాడు. "వ్యాన్ చూస్కుంట," అన్నాడు.

పడవ తేలింది. మేం ముగ్గురం అరిచిన అరుపుకి ఒడ్డున కుక్కలన్నీ మొరిగాయి. పలకలు కెరటంతో పాటు మెల్లగా వంగి లేస్తుంటే, ప్రాణమున్నదాని వీపు మీద కూర్చున్నట్టుంది. ఆంటీ చాప తెరచాప విప్పారు. అదొక్కటే మేం చేసిన తప్పు.

తూర్పు గాలి లేచింది. సరస్సు నీళ్ళన్నీ ఆ మూలనే ఇరుకై సెయింట్ క్లెయిర్ నదిలోకి దూకుతాయి. నది మధ్యలో సరిహద్దు. ఇవతల సార్నియా, అవతల అమెరికా. నేను తల ఎత్తేసరికి బీచ్ వెనక్కి పోయింది, లోహిత్ చేతులూపుతూ చిన్నగా కనబడుతున్నాడు, ఎదురుగా బ్లూ వాటర్ బ్రిడ్జి పెరుగుతోంది.

"ఆంటీ, తిప్పండి!"

"తిరగడం లేదమ్మా. తెరచాప దించు!"

తాడు బిగుసుకుపోయింది. క్వామే లాగుతుంటే పడవ ఒరిగింది, నీళ్ళు లోపలికొచ్చాయి. నేను గుడ్డిగా తోడుతున్నాను. ప్రవాహం మమ్మల్ని వంతెన కిందకు లాక్కుపోయింది. పైన లారీల చప్పుడు, కింద నల్లటి నీళ్ళ సుళ్ళు. నా బుర్రలో మునిగిపోతానన్న భయం కంటే ముందు వచ్చిన ఆలోచన ఏమిటంటే, నా స్టడీ పర్మిట్! నాకు అమెరికా వీసా లేదు. క్వామేకీ లేదు. పాస్‌పోర్టులు ఇంట్లో ఉన్నాయి.

"ఆంటీ, అమెరికాకి పోతున్నాం!"

వెనక్కి తిరిగి చూస్తే ఆమె తెడ్డును చంకలో ఇరికించుకుని, టోపీ ఎగిరిపోయి, తెల్లజుట్టు ముఖమంతా పరుచుకుని ఉన్నారు. భయం లేదు ఆ ముఖంలో. పాతికేళ్ళ అమ్మాయి ముఖం అది. "తోడమ్మా, తోడు! ఆపకు!" అంటున్నారు.

వంతెన దాటాక గాలి మమ్మల్ని అవతలి గట్టుకి నెట్టింది. ఒక చెక్కరేవు స్తంభానికి పడవ దబ్బున తగిలింది. క్వామే రెండు చేతులతో ఆ స్తంభాన్ని కావలించుకున్నాడు. రేవు మీద ఒక పెద్దాయన మడతకుర్చీలో కూర్చుని గాలం వేస్తున్నాడు. చాపతెర, కొబ్బరితాళ్ళు, తడిసిన ముగ్గురు మనుషులు. చాలాసేపు చూశాడు.

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?" అని అడిగాడు చివరికి.

ఆయన అడిగింది ఏ బీచ్ నుంచి అని. క్వామే పళ్ళు టకటకలాడుతుంటే, "ఘానా," అన్నాడు.

ఆ పెద్దాయన గాలం కింద పెట్టేశాడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆంటీ మాత్రం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే మాట అరుస్తున్నారు. "ఎవరూ కాలు కింద పెట్టకండి! పడవలోనే ఉండండి!"

ఆయనే ఫోన్ చేశాడు. ఈలోగా అవతల లోహిత్ కూడా చేశాడు. అమెరికా గస్తీ పడవ వచ్చి మా పడవను కట్టి లాగి, నది మధ్యలో కెనడా వాళ్ళకి అప్పగించింది. దిగారా అని ఒక అధికారి మూడు రకాలుగా అడిగాడు. దిగలేదు, స్తంభం పట్టుకున్నాం అంతే అని చెప్పాం. ఆంటీకి గట్టిగా చీవాట్లు పడ్డాయి. ఆమె తల వంచుకుని విన్నారు. తర్వాత మా వైపు తిరిగి, "ఆయన అన్నది నిజం. మిమ్మల్ని ఎక్కించాల్సింది కాదు," అన్నారు మెల్లగా. ఒడ్డు మీద లోహిత్ మమ్మల్ని చూడగానే ముందు తిట్టాడు, తర్వాత క్వామేని పట్టుకుని వదల్లేదు.

ఇంటికొచ్చి దుప్పట్లు కప్పుకుని అంబలి తాగుతుంటే క్వామే అన్నాడు. "చేరగలరు, మేడమ్. అనుకోకపోయినా చేరతారు."

"చేరగలరు," అని ఒప్పుకున్నారు ఆంటీ. "ఆ గాలం ముసలాయన లేకపోతే మనం చేరినట్టు ఎవరికీ తెలిసేది కాదు. అదీ చూడు."

అతను తలూపాడు. ఆ తర్వాత అతను అమెరికా సంగతి వదల్లేదు కానీ, వీడియోలు మానేసి లైబ్రరీ నుంచి సముద్ర ప్రవాహాల పుస్తకాలు తేవడం మొదలుపెట్టాడు.

ఊరి పత్రికలో మా పడవ ఫోటో పడింది. అది ఫేస్‌బుక్‌లో ఎటెటో తిరిగింది. చలి మొదలయ్యే రోజుల్లో దార్-ఎస్-సలామ్ నుంచి ఒకావిడ ఆంటీకి మెసేజ్ పెట్టింది. టాంగా స్కూల్లో ఆమె దగ్గర జాగ్రఫీ చదువుకున్న, హమీసి పల్లె మనిషి. ఆ సాయంత్రం వీడియో కాల్ చేస్తే, ఇద్దరూ స్వాహిలీలో మాట్లాడుకున్నారు. ఆంటీ నోట ఆ భాష వినడం నాకదే మొదటిసారి. వంటింట్లో నిలబడి వింటున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆమె గొంతు తప్ప.

ఫోన్ పెట్టేశాక చెప్పారు. హమీసి ఆమె కోసం రెండేళ్ళు ఆగాడట. తర్వాత కొడుకుల చేత రెండోవైపు కుట్టించాడు. మడ అడవి కర్రలు మోయడానికి ఆ పడవ కొన్నాళ్ళు తిరిగింది. తర్వాత ముసలాయన పోయాడు. కుట్లు మార్చే ఓపిక ఎవరికీ లేక పడవ ఒడ్డునే పడి మట్టిలో కలిసిపోయింది.

"బాధగా ఉందా ఆంటీ?" అన్నాను.

"తిరిగింది కదమ్మా," అన్నారు. కొంగుతో ముఖం తుడుచుకుని, "నేను లేకుండానే నీళ్ళలోకి దింపేశాడు, దొంగ ముసలాడు," అన్నారు. అంత ప్రేమగా తిట్టడం నేనెవరి దగ్గరా వినలేదు.

మరుసటి ఏడాదికి మేం చెదిరిపోయాం. లోహిత్ మిస్సిసాగాలో మందుల కంపెనీ గోడౌన్లో సూపర్‌వైజరయ్యాడు. క్వామే హాలిఫాక్స్‌లో, సముద్రం పక్కనే ఉద్యోగం వెతుక్కున్నాడు. ఈత కూడా నేర్చుకున్నాడు. నేను వాంకూవర్ వచ్చేశాను. వచ్చేటప్పుడు ఆంటీ నన్ను ఎయిర్‌పోర్టు దాకా దింపి, వ్యాన్ దిగకుండానే, "వెళ్ళమ్మా, వెళ్ళు, లేటవుతాది," అని వెళ్ళిపోయారు. కుట్టిన పడవను ఇంకోసారి నీళ్ళలోకి దింపనివ్వలేదు ఎవరూ. ఊళ్ళో ఒక స్కూలు వాళ్ళు అడిగి తీసుకెళ్ళారు. పిల్లలు అందులో కూర్చుని కథల పుస్తకాలు చదువుకుంటారట.

ఇప్పుడు ఆ ఇంట్లో కొత్త పిల్లలున్నారు. పర్మిట్లు తగ్గి కాలేజీ ఖాళీ అయిపోతోందని, తెలుగు మాట వినబడటం తగ్గిపోయిందని ఆంటీ ఫోన్‌లో అంటారు. మోకాళ్ళ నొప్పులు. వ్యాన్ నడపొద్దని డాక్టర్ అన్నాడు, ఆమె వినరు.

పోయిన వారం ఫోన్ చేశారు.

"రిషితా, మీ పక్క ఒడ్డుకి జపాన్ నుంచి గాజు గోళాలు కొట్టుకొస్తాయట కదా? చేపల వలలకి కట్టేవి. నిజమేనా?"

"ఏమో ఆంటీ, నేనెప్పుడూ చూడలేదు."

"మూడేళ్ళయింది అక్కడికి వెళ్ళి, చూడలేదా? ఏటి చేస్తున్నావు మరి?"

"ఉద్యోగం చేస్తున్నా ఆంటీ."

"అది సరేలే. శనివారం వెళ్ళి చూసి చెప్పు. గాలి ఎటు వీస్తోందో కూడా చూడు."

వెళ్తానన్నాను.